మీద కాలువ, కింద మురుగు: సీమ పట్నాల ఏర్లకు దిక్కెవరు?

కర్నూలులో కేసీ కాలువ హంద్రిని దాటే చోట అక్విడక్టు ఉంది. పైన కాలువలో తుంగభద్ర నీళ్ళు కడప దారి పడతాయి. కింద హంద్రిలో, వానాకాలం నాలుగు రోజులు తప్పిస్తే, ఊరి మురుగే పారుతుంది. పైనున్న నీళ్ళకు లెక్క ఉంది. బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 39.9 టీఎంసీల కేటాయింపు ఉంది, 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది, చూసుకోవడానికి ఇంజనీర్లు ఉన్నారు, అడగడానికి రైతుల సంఘాలు ఉన్నాయి. ఒక్క తడి తగ్గితే కలెక్టరేటు ముందు ధర్నా జరుగుతుంది. కిందనున్న ఏటికి ఇవేవీ లేవు. హంద్రిలో నీళ్ళు నల్లబడ్డాయని రోడ్డెక్కే వర్గం ఏదీ కర్నూలులో లేదు.

కడపలో బుగ్గవంకదీ ఇదే తీరు. పాలకొండల వైపు నుంచి దిగి, పాత కడపను ఒరుసుకుంటూ పోయి పెన్నలో కలిసే వాగు అది. కర్నూలు నీళ్ళను కడప దాకా తెచ్చే కాలువ ఒకటే అయినట్టు, ఈ రెండు పట్నాల ఏర్ల కథా ఒకటే. పట్నం మధ్యన పారే ఏటిని, దాని ఒడ్డున మిగిలిన చరిత్రను కాపాడే బాధ్యత ఎవరిది? సీమలో ఇందుకు ఇంతవరకూ నాలుగైదు రకాల జవాబులు వచ్చాయి. వాటిని ఒక్కచోట పెట్టి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎండిన ఏరు కూడా ఏరే

మన చదువుల్లో నది అంటే గోదావరి. రెండొడ్లూ ఒరుసుకుని పారితేనే నది అన్న లెక్క. ఆ లెక్కన హంద్రి, బుగ్గవంక, పాపాఘ్ని, కుందూ, చెయ్యేరు ఏడాదిలో ఎక్కువ నెలలు నదులే కావు. కాబట్టే అవి ఖాళీ జాగాలుగా కనిపిస్తాయి. చెత్త లారీ దింపడానికైనా, షెడ్డు వేయడానికైనా, రోడ్డు వెడల్పు చేయడానికైనా ఎవరికీ వెనకాడాలనిపించదు.

సీమ జనానికి మాత్రం ఎండిన ఏరు పనికిరాని ఏరు కాదు. ఇసుకలో మోకాలి లోతు తవ్వితే చెలమ. అడుగున బురద తేరేదాకా ఆగి, ముంతతో తోడుకుంటే కడవ నిండేది. తోడినకొద్దీ పక్క ఇసుకలోంచి మళ్ళీ ఊరేది. ఏటి కింద ఇంకో ఏరు మెల్లగా నడుస్తూనే ఉంటుందని దాని అర్థం. పెన్న, చిత్రావతి, పాపాఘ్నిల పొడవునా రైతులు ఇసుకలోంచి ఊటకాలువలు తీసి మళ్ళు తడుపుకున్నారు. ఎండాకాలం ఇసుక తిన్నెల మీద దోస, పుచ్చ పాదులు పెట్టుకున్నారు. రజకుల రేవులు, బెస్తల పుట్టులు, పశువులు నీళ్ళు తాగే మడుగులు అన్నీ ఏటి లోపలే ఉండేవి. వీళ్ళందరికీ ఏటితో రోజూ పని. ఏరు పాడైతే ముందుగా తెలిసేదీ వీళ్ళకే.

ఇసుక పోయినప్పుడు ఈ లెక్క మొత్తం తారుమారైంది. ఇసుక నీటిని పట్టి ఉంచుతుంది, వడగడుతుంది, ఎండకు ఆవిరి కాకుండా కాపాడుతుంది. దాన్ని అడుగుదాకా తోడేస్తే చెలమ ఊరదు, ఒడ్డు బావి ఎండుతుంది. 2002 నాటి వాల్టా చట్టం ఇసుక తవ్వకానికి హద్దులు పెట్టింది. చిన్న తరహా ఖనిజాలకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి అని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఇసుక విధానమూ మారింది. అయితే ఆ చర్చంతా ట్రాక్టరు ఇసుక ధర ఎంత, ఉచితమా కాదా అన్న చోటే తిరిగింది. ఏటికి ఎంత ఇసుక మిగలాలన్నది ఎన్నికల మాట కాలేదు.

పాత ఏర్పాటులో ఏముంది?

సమాజం తన నీటిని తానే చూసుకోవడం సీమకు కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు వేయించినది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను అది వరసగా చెబుతుంది. వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలే వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా చెక్కించింది. కట్ట కారడం, చవుడు నేల వంటి దోషాలతో పాటు, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటాన్నీ అది దోషంగానే లెక్కపెట్టింది. నీళ్ళకు ఇద్దరు యజమానులైతే ఏమవుతుందో ఆరున్నర శతాబ్దాల కిందటే తెలిసిన మాట.

చెరువుల నిర్వహణకు దశబంధం ఇనాములు ఉండేవి. చెరువు తవ్వించినవాళ్ళకు, కట్టను మరమ్మతు చేసే పూచీ ఉన్నవాళ్ళకు భూమి దక్కేది. పూడిక తీయడానికి ఊరంతా కదిలే కుడిమరామత్తు ఉండేది. తూములు ఎత్తి దించే నీరుగంటికి పంటలో మేర ఉండేది. ఈ ఏర్పాటును మరీ పొగడనక్కర్లేదు. కులం చొప్పున పని, కులం చొప్పున వాటా. కడపటి ఇంటికి కడపటి తడే. 1858లో మద్రాసు ప్రభుత్వం ఈ పని చేయించడానికి నిర్బంధ శ్రమ చట్టమే తేవాల్సి వచ్చింది. అందరూ ఇష్టంగా చేసిన సేవ కాదని అదే చెబుతోంది. ఆ ఏర్పాటులో నేటికీ పనికొచ్చేది ఒకటే: ఫలానా పని ఫలానావాడిది అని ఊళ్ళో అందరికీ తెలుసు. పూచీ ఉన్నచోట ప్రతిఫలమూ ఉంది.

1997లో వచ్చిన రైతుల నీటి యాజమాన్య చట్టం ఈ సూత్రాన్నే కొత్త రూపంలో తెచ్చింది. చెరువులకు, కాలువలకు ఎన్నికైన నీటి సంఘాలు ఏర్పడ్డాయి. చాలా ఏళ్ళు మూలనపడినా, 2024 డిసెంబరులో వాటికి మళ్ళీ ఎన్నికలు జరిగాయి. ఇక్కడే పట్నం తప్పిపోయింది. ఆయకట్టు ఉంటేనే సంఘం. హంద్రి ఒడ్డున ఇల్లున్న మనిషికి ఎకరా లేదు కనుక ఓటు లేదు. ఊళ్ళలో నీటికి పంచాయితీ పెట్టగలిగిన సమాజం పట్నంలో అడుగుపెట్టేసరికి మునిసిపాలిటీకి ఫిర్యాదు రాసే సమాజంగా మిగిలింది.

వరద తెచ్చిన జవాబు: గోడ

పట్నానికి ఏరు గుర్తొచ్చేది వరదొచ్చినప్పుడే. 2001 అక్టోబరులో బుగ్గవంక కడప మీద పడింది. 2009 అక్టోబరు 2 నాటికి తుంగభద్ర, హంద్రి రెండూ కలిసి కర్నూలు పాతపట్నాన్ని ముంచేశాయి. దిగువన శ్రీశైలంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 885 అడుగుల పూర్తి నీటిమట్టం దాటి జలాశయం 896 అడుగుల పైకి పోయింది. కర్నూలు మునకలో ఆ వెనుకజలాల పాత్ర ఎంత, గేట్లు ఎప్పుడు ఎత్తాల్సింది అన్న వాదం ఇప్పటికీ తెగలేదు. ఆ తర్వాత 2020 నవంబరులో నివర్ తుపాను కడపలో మళ్ళీ బుగ్గవంకను పొంగించింది. ఏడాది తిరిగేలోపు, 2021 నవంబరు 19న, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పదుల సంఖ్యలో జనం పోయారు.

ప్రతి వరద తర్వాతా వచ్చే జవాబు రక్షణ గోడ. బుగ్గవంకకు రెండువైపులా గోడలు కట్టారు. కర్నూలులోనూ అదే కోరిక. గోడ వద్దనే హక్కు మునిగిన ఇంటివాడి ముందు ఎవరికీ లేదు. కాకపోతే గోడతో వచ్చే చిక్కు వేరే ఉంది. గోడ లేచాక ఏరు కంటికి కనబడదు. కనబడని చోట చెత్త వేయడం సులువు. గోడ వెనక వీధుల వాననీరు ఏట్లోకి పోవడానికి దారి ఉండదు. గోడ ఉందన్న ధీమాతో ఇళ్ళు ఇంకో అడుగు ముందుకు జరుగుతాయి. ఏటికి ఉన్న వెడల్పు కాగితం మీద గీతై కూర్చుంటుంది.

1908 మూసీ వరద తర్వాత హైదరాబాదు వేరే దారి పట్టింది. విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, ఒడ్డున తోటలు వేశారు. వరద ఆగింది, తాగునీరు వచ్చింది. వందేళ్ళ తర్వాత చూస్తే, పై నీళ్ళు ఆగిపోయిన మూసీలో మిగిలింది మురుగే. అహ్మదాబాదులో సబర్మతి ఒడ్డు అందంగా ఉందంటారు. ఆ నీళ్ళు నర్మద కాలువవి. ఎగువన, దిగువన ఏటి సంగతి పట్టించుకోకుండా పట్నం దగ్గర మాత్రం సింగారిస్తే వచ్చేది నది కాదు, పొడుగాటి చెరువు. కడపలో బుగ్గవంక సుందరీకరణ మాట వచ్చినప్పుడల్లా అడగాల్సిన ప్రశ్న ఇదే: నీళ్ళు ఎక్కడివి?

ఉద్యమాల జవాబు: వాటా

సీమలో నీటి కోసం జరిగినన్ని ఉద్యమాలు మరెక్కడా జరగలేదేమో. 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక నుంచి నేటి దాకా సీమ రాజకీయమంతా కృష్ణా, తుంగభద్రల నీళ్ళ చుట్టూనే తిరిగింది. 2016 మే 31న సిద్ధేశ్వరం దగ్గర అలుగు కట్టాలని జనమే పోయి శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం అనుమతి కోసం ఆగలేదు. బొజ్జా దశరథరామిరెడ్డి నాయకత్వంలోని రాయలసీమ సాగునీటి సాధన సమితి ఆ పోరాటాన్ని నంద్యాల కేంద్రంగా నడుపుతోంది. ఎండల్లో నడిచి వేలమంది కదిలిన ఊళ్ళలో జనానికి నీటి మీద శ్రద్ధ లేదనడం అబద్ధమవుతుంది.

ఆ శ్రద్ధ ఎటువైపు ఉందన్నదే విషయం. వాటా ఉద్యమానికి నది టీఎంసీలుగా కనబడుతుంది. ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, పక్కవాడు ఎన్ని ఎత్తుకుపోయాడు. అది న్యాయమైన లెక్కే. కరువు సీమకు దక్కాల్సింది దక్కలేదు కూడా. కానీ ఆ లెక్కలో ఏటికి వాటా లేదు. తుంగభద్ర నీళ్ళు పొలానికి ఎన్ని, పట్నానికి ఎన్ని అన్నది తేల్చాక, ఎండాకాలం ఏట్లో మడుగులు ఎండకుండా ఎన్ని వదలాలన్న పద్దు ఎవరూ రాయలేదు. హంద్రి పేరు నేడు ఎక్కువగా వినిపించేది హంద్రీ-నీవా పథకంలో. ఆ పథకం నీళ్ళు శ్రీశైలం వెనుకజలాలవి. పేరు పథకానికి ఇచ్చి, ఏటిని మురుగుకు ఇచ్చాం.

భక్తి, చరిత్ర: పన్నెండేళ్ళకోసారి

ఏటిని దేవతగా చూసే జనం ఏటిని కాపాడతారని ఒక నమ్మకం. తుంగభద్ర పుష్కరాలు 2008లో, 2020లో జరిగాయి. ఘాట్లు కట్టారు, రోడ్లు వేశారు, చెత్త ఊడ్చారు. 2020లో కరోనా వల్ల నదీ స్నానాలకు ఆంక్షలు పెట్టారు. పన్నెండు రోజుల పండగకు పెట్టిన ఖర్చు పన్నెండేళ్ళ నిర్వహణకు ఉండదు. కర్నూలు ఘాట్ల దగ్గర నీళ్ళు ఎలా ఉంటాయన్నది, హంద్రి ఏం మోసుకొస్తోందన్న దాని మీద కూడా ఆధారపడి ఉందని పుష్కరాల ప్రణాళికలు పట్టించుకున్న దాఖలా లేదు. ఇక బుగ్గవంకకు పుష్కరమే లేదు. బోయ కొట్టాల పక్కగా, దర్గా సందుల పక్కగా పారే వాగుకు ఆ గౌరవం ఎవరిస్తారు?

చరిత్ర సంగతీ అంతే. కర్నూలులో నది చరిత్ర అంటే, అలంపురం గుళ్ళకు రాళ్ళు మోసే బండ్లు ఇక్కడ ఆగి ఇరుసుకు కందెన పూసుకున్న కథ దగ్గరే ఆగిపోతాం. చూడగలిగితే ఏటి ఒడ్డే ఒక పుస్తకం. కొండారెడ్డి బురుజు, 1862లో కూల్చగా మిగిలిన కోట గోడలు, హంద్రి ఒడ్డున 17వ శతాబ్ది నాటి అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో మొదలుపెట్టి 1870 నాటికి ముగించిన కేసీ కాలువ. పడవలు నడిపి లాభం తీయాలని తవ్విన ఆ కాలువ లాభం తేక, 1882లో సర్కారు దాన్ని కొనేసింది. శ్రీశైలం జలాశయం నింపినప్పుడు దాదాపు వంద ఊళ్ళు మునిగాయి. రూపాల సంగమేశ్వరాన్ని విప్పి జగన్నాథగట్టు మీద మళ్ళీ పేర్చారు. కూడవెల్లి గుడిని అలంపురం తరలించారు. సప్తనదుల సంగమేశ్వరం మాత్రం నీళ్ళలోనే ఉండిపోయి, ఏటా వేసవిలో కొన్నాళ్ళు బయటపడుతుంది. అప్పుడు జనం పడవల మీద పోయి పూజలు చేస్తారు.

ఇక్కడ చట్టం తీరు గమనించాలి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం చుట్టూ 100 మీటర్లు ఎవరూ కొత్తగా కట్టకూడదు. ఆ పైన 200 మీటర్లు అనుమతి కావాలి. 2010 సవరణతో వచ్చిన నిబంధన అది. గుమ్మటానికి ఇంత గీత గీసిన మనం, ఆ గుమ్మటం ఏ ఏటిని చూసి అక్కడ వెలిసిందో ఆ ఏటికి గజం గీత నిలపలేకపోతున్నాం. కట్టడం వేరు, ప్రకృతి వేరు అని శాఖలు పంచుకున్నాయి. పట్నం ఏటి దగ్గర ఆ రెండూ విడదీస్తే రెండూ పోతాయి. మురుగు కంపులో ఉన్న స్మారకాన్ని చూడ్డానికి ఎవరూ పోరు. చూసేవాళ్ళు లేని స్మారకానికి దిక్కుండదు.

ట్రిబ్యునలు జవాబు

కాలుష్యం కోర్టుకెక్కాక కొంత కదలిక వచ్చింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో 351 నదీ భాగాలను కలుషితమైనవిగా గుర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో అయిదు. అందులో రెండు ఉమ్మడి కర్నూలు జిల్లావే: మంత్రాలయం నుంచి బావాపురం దాకా తుంగభద్ర, నంద్యాల దగ్గర కుందూ. అదే ఏడాది జాతీయ హరిత ట్రిబ్యునలు ప్రతి రాష్ట్రమూ కమిటీ వేసి కార్యాచరణ ప్రణాళిక ఇవ్వాలంది.

దీనివల్ల మేలు జరిగింది. మురుగు శుద్ధి కేంద్రాల మాట ఫైళ్ళలోకి వచ్చింది. లోటు కూడా అందులోనే ఉంది. ప్రణాళిక రాసింది అధికారులు, తీసుకున్నది అధికారులు. బీఓడీ, అంటే నీటిలోని మురుగు కుళ్ళడానికి పట్టే ప్రాణవాయువు, లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే కలుషితం అన్న కొలత హంద్రి ఒడ్డున బట్టలుతికే మనిషికి ఎవరూ తెలుగులో చెప్పలేదు. నమూనా ఎక్కడ తీశారు, ఫలితం ఏమొచ్చింది అన్నది ఒడ్డున బోర్డు మీద రాయలేదు. ఒడ్డున ఉన్నవాళ్ళు ఈ లెక్కలో కనిపించేదల్లా ఆక్రమణదారులుగానే. ఏటి పోరంబోకులో రేకుల ఇల్లు ముందు కూలుతుంది, ఫంక్షన్ హాలు వంతు వచ్చేసరికి స్టే వస్తుంది. ఇలా మొదలయ్యే నదీ రక్షణకు ఒడ్డు జనం ఎప్పటికీ మిత్రులు కారు.

అయితే ఎక్కడైనా కుదిరిందా?

కుదిరింది, మన దగ్గరే. పెన్న లోయలోని చిట్టడవుల్లో తిరిగే కలివికోడిని 1900 తర్వాత ఎవరూ చూడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్ళు కడప జిల్లాలో దాన్ని మళ్ళీ కనుక్కున్నది అక్కడి వేటగాళ్ళ ఎరుక సాయంతో. ఆ పిట్ట రాత్రిపూట తిరుగుతుందని వాళ్ళకే తెలుసు. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం అందుకే ఏర్పడింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని చోటు మీదికి వచ్చింది. అభ్యంతరాలు లేచాక కాలువ దారి మార్చారు. కరువు జిల్లాలో సాగునీటి కాలువ ఒక పిట్ట కోసం పక్కకు జరగడం చిన్న సంగతి కాదు. ఎగువన కర్ణాటక 2015లో తుంగభద్ర మీద నీటికుక్కల కోసమే 34 కిలోమీటర్ల మేర రక్షిత ప్రాంతం ప్రకటించింది. అదే నది మన హద్దులోకి వచ్చాక కలుషిత భాగాల జాబితాలో చేరింది.

రాజస్థాన్‌లో అర్వరి కథ ఇంకో మెట్టు పైది. తరుణ్ భారత్ సంఘ్ అండతో ఊళ్ళు 1980ల నుంచి జోహడ్లు (వాననీటిని ఆపే మట్టికట్టల కుంటలు) కట్టుకుంటూ పోగా, ఎండిన ఏరు పారడం మొదలైంది. ఆ తర్వాతే అసలు చిక్కు వచ్చింది: పారే నీటిని వాడుకునేదెట్లా? 70కి పైగా ఊళ్ళు కలిసి అర్వరి పార్లమెంటు పెట్టుకున్నాయి. ఎవరు ఏ పంట వేయాలి, ఇసుక తీయొచ్చా వద్దా అని అక్కడే తేల్చుకున్నాయి. చట్టబలం లేని సభ అది. ఒకరినొకరు ఎరిగినవాళ్ళు కూర్చున్నారు కనుక చెల్లింది. పట్నంలో అంత ఎరుక ఉండదు. కాబట్టి పట్నానికి చట్టబలమూ కావాలి.

తేలేదేమిటి?

గోడ కట్టినవాళ్ళకు ఏటి వేగం తెలుసు. వాటా అడిగినవాళ్ళకు ఏటి పరిమాణం తెలుసు. పుష్కర స్నానం చేసేవాళ్ళకు పవిత్రత, కోర్టుకు పోయినవాళ్ళకు కొలత తెలుసు. ఏ ఒక్క జవాబూ తప్పు కాదు. ఏ ఒక్కటీ ఏడాది పొడవునా ఏటి దగ్గర ఉండదు. సమస్యంతా అక్కడే.

కాలువకు నీటి సంఘం పెట్టిన రాష్ట్రం పట్నం ఏటికి ఏటి సంఘం పెట్టలేకపోవడానికి కారణం లేదు. ఒడ్డు వార్డుల నుంచి ఓటుతో ఎన్నికైన సభ్యులు ఉండాలి. రజకులకు, బెస్తలకు, పాదులు పెట్టుకునేవాళ్ళకు అందులో చోటు తప్పనిసరి కావాలి. ఎగువ ఊళ్ళ నీటి సంఘాల ప్రతినిధులు కూడా ఉండాలి, ఎందుకంటే కోడుమూరు దాటి వచ్చిన నీళ్ళే కర్నూలులో హంద్రి. ఇసుక వేలం వేసే ముందు, గోడ గీత గీసే ముందు ఆ సంఘం ఒప్పుకోలు కావాలి. ఒడ్డున ఇళ్ళున్న పేదలకు వేరే చోటు చూపే పూచీ తేలాకే కూల్చివేత. ఇసుక రాబడిలో ఒక భాగం సంఘానికి రావాలి. దశబంధం నేర్పినది అదే కదా, పూచీ ఇచ్చినప్పుడు వనరు కూడా ఇవ్వాలని. గుమ్మటాలూ ఘాట్లూ చెలమలూ మడుగులూ అన్నీ ఒకే పటంలో గుర్తించి వార్డు కచేరీ గోడకు తగిలిస్తే, ఏటికి ఎంత చోటుందో పిల్లలకు కూడా తెలుస్తుంది.

ఇందుకు గడువు కూడా సిద్ధంగా ఉంది. తుంగభద్ర పుష్కరాలు మళ్ళీ 2032లో. ఈసారి ఘాట్లకు టెండర్లు పిలిచే ముందు ఒక్క పని పూర్తి చేయాలని కర్నూలు జనం పట్టుబట్టొచ్చు: శుద్ధి చేయని మురుగు బొట్టు కూడా హంద్రి నుంచి తుంగభద్రలో కలవకూడదు. ఆ పని అయితే మిగతా ఖర్చులో సగం అనవసరమవుతుంది. కాకపోతే ఎన్ని ఘాట్లు కట్టినా జనం మునిగేది సొంత మురుగులోనే.